సిరీల్ పెట్టె

జనవరి పొద్దుల్లో కోర్ట్రైక్‌లో ఇనుము ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేర్లె లారీ దిగి, తాళంచెవుల గుత్తితో స్టేషన్ వెనక సందులో ఉన్న బట్టల పెట్టెను మూడుసార్లు గట్టిగా కొట్టింది.

"సిరీల్! లేవయ్యా బాబూ, తెల్లారింది."

చలికాలంలో ఏ పెట్టెనైనా ఇలా కొట్టి, పిలిచి, కాసేపు ఆగి, లోపల ఉలుకూ పలుకూ లేదని తేల్చుకున్నాకే క్రేన్ కొక్కెం తగిలించాలి. వేర్లె పనిచేసే ధర్మసంస్థలో కొత్తగా చేరిన డ్రైవరుకి మిగతా పనులన్నిటికంటే ముందు నేర్పేది ఇదే. ఊళ్లో జనం తమకు అక్కర్లేని బట్టలు తెచ్చి ఆ నిలువెత్తు ఇనప పెట్టెల్లో పడేస్తారు. నిలవ నీడ లేనివాళ్లు చలికి ఆగలేక ఆ బట్టల్లోనే దూరి పడుకుంటారు. ఇచ్చేవాళ్లూ పడుకునేవాళ్లూ ఎన్నడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. దానంలో సుఖమంతా అందులోనే ఉందని వేర్లె అంటూ ఉండేది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఆఫీసువాళ్లు మొహం ముడుచుకునేవాళ్లు.

ఈ పెట్టెకి కాగితాల మీద ఏదో నంబరుంది గాని, సంస్థలో అందరూ దాన్ని సిరీల్ పెట్టె అనే అంటారు. సిరీల్ అరవై దాటిన మనిషి. ఒకప్పుడు లైయె నది ఒడ్డున నారమిల్లులో పనిచేసేవాడు. ముందు మిల్లు పోయింది, తర్వాత పెళ్లాం పోయింది, ఆ తర్వాత ఇల్లు పోయింది. మిగిలింది తాటిచెట్టంత ఒళ్లూ, తెడ్లలాంటి పాదాలూ, మూతపడని నోరూ. మామూలు రోజుల్లో వేర్లె కొట్టగానే "వస్తున్నా తల్లీ, వస్తున్నా, ఆ ఇనుమేం పాపం చేసింది" అని లోపల్నుంచి గొణుగుడు వినిపించేది. పెట్టె నోట్లోంచి ముందు తల, తర్వాత తిట్లు, ఆఖరున మనిషి బయటపడేవాడు. వేర్లె ఫ్లాస్కులోంచి ఇంత కాఫీ పోస్తే తాగి, ఆమె పెట్టె ఎత్తుతున్నంతసేపూ ట్రాఫిక్ పోలీసులా చేతులూపుతూ నిలబడేవాడు.

నిజానికి ఆ పెట్టె నోట్లోంచి మనిషి దూరడానికి వీల్లేదు. సంచి పెడితే అది లోపలికి దొర్లి, మూత మళ్లీ దానంతటదే పడిపోయేలా చేశారు. అక్టోబరులో ఎవరో ఆ మూత కీలు విరగ్గొట్టారు. వేర్లె ఆ రోజే ఆఫీసులో చెప్పాల్సింది. చెబితే మర్నాటికల్లా కొత్త మూత బిగిస్తారు, సిరీల్ వానలో నిలబడతాడు. అందుకని చూసీ చూడనట్టు ఊరుకుంది. వచ్చే వారం చెబుదాం, చలి తగ్గాక చెబుదాం అనుకుంటూ ఇంతకాలం నెట్టుకొచ్చింది.

ఇవాళ గొణుగుడు వినిపించలేదు. ఇనుముకి చెవి ఆనించి వింది. "సిరీల్, ఉన్నావా? ఉంటే పలుకు, ఎత్తేస్తున్నాను" అని ఇంకోసారి అరిచింది. సందులో ఎవరిదో సైకిలు గంట తప్ప మరేమీ లేదు. మొండిఘటానికి ఎక్కడో ఇంతకంటే వెచ్చని మూల దొరికి ఉంటుందిలే అనుకుని, అందుకు సంతోషించి కూడా, కొక్కెం తగిలించింది. మోటారు చెవులు గింగురుమనేలా మోగింది. పెట్టె గాల్లోకి లేచి లారీ మీదికొచ్చి, అడుగు తలుపులు తెరుచుకుని, బట్టలన్నీ ధబ్బున లోపల పడ్డాయి. కొత్త సంవత్సరం రాగానే బీరువాలు ఖాళీ చేసుకోవడం ఆ ఊరి అలవాటు కాబట్టి పెట్టె గొంతు దాకా నిండి ఉంది. ఇక సూపర్‌మార్కెట్ దగ్గరి పెట్టె ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా వీటి మీద గుమ్మరించుకుని వేర్లె షెడ్డుకి బయల్దేరింది.

షెడ్డు ఊరి చివర కాలువ పక్కన ఉంది. లోపల మూడు పక్కలా కాంక్రీటు గోడలున్న పెద్ద గుంట ఒకటి. లారీ వెనక్కి పెట్టి తొట్టి ఎత్తితే బట్టలు అందులో పడతాయి. అక్కణ్నుంచి లోడర్ బండి వాటిని పెద్ద చేటతో తోసి బెల్టు మీదికి ఎక్కిస్తుంది. బెల్టుకి అటూ ఇటూ నిలబడ్డవాళ్లు ఏరతారు. బాగున్నవి సంస్థ దుకాణాల్లో అమ్ముతారు, ఆ డబ్బుతోనే దిక్కులేనివాళ్లకి సూపూ రొట్టే పెడతారు. కాస్త నలిగినవి మూటకట్టి దూరదేశాలకి పంపుతారు. ఎందుకూ కొరగానివి మరలో వేసి పీచుపీచు చేస్తే ఇళ్ల గోడల్లో చలి ఆపడానికి కూరతారు. ఒక్క గుడ్డ ముక్కని కూడా మట్టిపాలు చెయ్యకూడదన్నది సంస్థ వ్రతం. వ్రతం మంచిదే గాని, దానం పేరుతో జనం ఏమేం ఇస్తారో ఆ బెల్టు దగ్గర ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది. కుక్క ఈనిన దుప్పట్లు వస్తాయి, బూజు పట్టిన తడి తువ్వాళ్లు వస్తాయి, క్రిస్మస్ విందులో మిగిలిన ఎముకలు కోటు జేబులో వస్తాయి. తమకు పనికిరానిది పేదవాడికి పండగ అని నమ్మే పుణ్యాత్ములకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు.

వేర్లె తొట్టి ఎత్తి బట్టలు గుంటలో పోసి, లారీ పక్కకి తీసి, చేతులు వెచ్చబెట్టుకోడానికి బెల్టు దగ్గరికి వచ్చింది. అప్పటికే లోడర్ ఆ కుప్పలోంచి ఒక చేటెడు బెల్టు మీదికి ఎక్కించింది. బెల్టు మొదట్లో ఎప్పుడూ నిలబడేది జోహ్రా. వాళ్ల నాన్న కాలంలో మొరాకో నుంచి వచ్చిన కుటుంబం. జోహ్రా పుట్టింది ఇక్కడే, వేర్లెదీ ఆమెదీ చిన్నప్పుడు బళ్లో ఒకే బెంచీ.

"ఏమే, ఊళ్లో బీరువాలన్నీ తెచ్చి నా నెత్తినే గుమ్మరించావు. నామీద ఏం పగే నీకు?" అంది జోహ్రా, చేతులు ఆపకుండానే.

"నీ నడుం కాస్త సన్నబడుతుందని."

"ముందు నీ నడుం సంగతి చూసుకో, లారీ తలుపు పట్టట్లేదు."

ఆ మాటలు అంటూనే జోహ్రా బెల్టు మీంచి ఒక జోడు తీసింది. ఒంటి జోడు. లేసులతో రెండూ ముడేసి వెయ్యండని పెట్టె మీద బొమ్మ గీసి మరీ చెప్పినా ఒంటి జోళ్లు వస్తూనే ఉంటాయి, వాటిని ఒక మూల బుట్టలో పడేస్తారు. జోహ్రా కూడా పడెయ్యబోతూ, అట్ట ఎలా ఉందో చూసే అలవాటు కొద్దీ లోపలికి చెయ్యి పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత రెండో చేత్తో పైనున్న ఎర్రతాడు లాగింది. బెల్టు ఆగిపోయింది.

"వేర్లె, ఇందులో చెయ్యి పెట్టు," అంది.

వేర్లె పెట్టింది. లోపల వెచ్చగా ఉంది, కొంచెం చెమ్మగా కూడా ఉంది. ఎవరో అప్పుడే కాలు తీసినట్టుంది.

"సిరీల్," అంది వేర్లె.

ఆ పేరు ఆమె నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. వచ్చిందే తడవుగా అందరి నోళ్లలోకీ పాకింది. సిరీల్ బట్టల్లో ఉన్నాడట, సిరీల్‌ని లారీలో పోసేశారట, సిరీల్ గుంటలో ఉన్నాడట. వేర్లె జోడుని బెల్టు మీద పారేసి గుంట గోడ ఎక్కి దూకింది. ఆమె వెనకే మిగతావాళ్లు కూడా దూకారు. కుప్ప రెండు నిలువుల ఎత్తుంది. మెత్తగా, చల్లగా, ఎక్కడ కాలు పెడితే అక్కడ మోకాలి దాకా దిగిపోతోంది. ఒక సంచి లాగితే పైనుంచి రెండు సంచులు జారుతున్నాయి.

"సిరీల్! ఓ సిరీల్!"

అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. బయట వరసలో నిలబడ్డ లారీలు ఇంజన్లు ఆపకుండానే హారన్లు కొడుతున్నాయి. షెడ్డు పైకప్పు నుంచి వేడిగాలి ఊదే యంత్రం రొద సరేసరి. ఆ గోలలో ఎవరు పలికినా ఎవరికి వినపడుతుంది? అయినా వేర్లె అరుస్తూనే ఉంది, లాగుతూనే ఉంది. కోట్లు, పరుపుదుప్పట్లు, పిల్లల మేజోళ్లు, పెళ్లి గౌనొకటి. లాగిన ప్రతిదాని వెనకా ఆయన తెల్లగడ్డం కనిపిస్తుందేమోనని గుండె అదురుతోంది. కనిపించకపోతే మరింత అదురుతోంది.

షెడ్డు పెద్ద వౌటర్ పరిగెత్తుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మంచివాడే, కాకపోతే పని ఆగిందంటే ప్రాణం ఆగినట్టు కంగారుపడతాడు. సంగతి వినగానే అక్కడికక్కడే ఫైరింజనుకి ఫోన్ చేశాడు. ఊరి అవతల ఏదో మంట ఆర్పుతున్నారట, రావడానికి కొంచెం పడుతుందన్నారు. అతను కోటు విప్పి తానూ గుంటలో దిగాడు.

"మూత ఉండగా మనిషి లోపలికెలా దూరాడు?" అని అడిగాడు, సంచులు లాగుతూ.

"మూత విరిగింది. అక్టోబరులో."

"నాకెవరూ చెప్పలేదే?"

"నేనే చెప్పలేదు."

వౌటర్ ఆమె వంక ఒక్కసారి చూసి మళ్లీ వంగి తవ్వడం మొదలుపెట్టాడు. తిట్టినా బావుండేదనిపించింది వేర్లెకి. ముసలాయన పొడిగా పడుకోవాలని చేసిన పని అది. అలా మేలు చెయ్యబోయి తన చేత్తో తానే ఆయన్ని ఎత్తి పోసింది, చాలదన్నట్టు ఇంకో పెట్టెడు బట్టలు ఆయన మీద కుమ్మరించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు పీకుతోంది. దేవుడా, ఊపిరి ఉంటే చాలు, కాళ్లు విరిగినా ఫరవాలేదు అని లోపల్లోపల బేరాలాడుకుంటోంది. ఏడుస్తున్నానన్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

అప్పుడు వౌటర్ జేబులో ఫోన్ మోగింది. ఆఫీసు పిల్ల తెలివిగా ఊళ్లో నిలవ నీడ లేనివాళ్ల చలికాలపు బసలన్నిటికీ కబురు పెట్టింది. నది అవతలి బస నుంచి జవాబొచ్చింది. సిరీల్ అక్కడే ఉన్నాడు. దగ్గు ముదిరితే మొన్ననే వాళ్లు తీసుకెళ్లి మంచం ఇచ్చారు. ప్రస్తుతం రొట్టె మీద వెన్న చాలలేదని వంటావిడతో తగాదా పెట్టుకుంటున్నాడు.

"బతికున్నాడు! బసలో ఉన్నాడు!" అని వౌటర్ గట్టిగా చెప్పాడు.

గుంటలో ఒక్కసారిగా నవ్వులు లేచాయి. లోడర్ తోలే యోస్ట్ బట్టల మీద వెల్లకిలా పడి, వెన్న చాలలేదంటే అది సిరీలే, సందేహం లేదు అన్నాడు. ఎవరో వేర్లెని కావలించుకున్నారు. ఆమెకి కొండంత బరువు దిగినట్టయింది. ఆ కుప్ప మీదే కూలబడి కళ్లు తుడుచుకుంది. వౌటర్ ఫైరింజను వాళ్లకి ఫోన్ చేసి, పొరపాటు పడ్డాం, క్షమించండి, రానక్కర్లేదని చెప్పాడు. తర్వాత ఆమె దగ్గరికొచ్చి, మూత సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం అని మెల్లగా అన్నాడు. ఆ మాట కూడా ఆమెకి చల్లగానే తోచింది.

అందరూ గుంట ఎక్కి ఎవరి చోటికి వాళ్లు వెళ్లారు. బయట హారన్లు ఇంకా మోగుతున్నాయి. వేర్లె బెల్టు పక్కనుంచి తన లారీ వైపు వెళ్తోంది. జోడు అక్కడే పడి ఉంది. బుట్టలో వేద్దామని చేతిలోకి తీసుకుంది. తీసుకుని నిలబడిపోయింది.

చిన్న జోడు. మగవాళ్ల మోస్తరుదే గాని, ఆమె జానకంటే ఎంతో పొడుగు లేదు. ఏటా చలికాలం మొదట్లో సిరీల్ కోసం ఆమె ఈ బెల్టంతా గాలించి అన్నిటికంటే పెద్ద జోళ్లు వెతికి తీసుకెళ్తుంది. అవి కూడా వేళ్లు నొక్కేస్తున్నాయని సణుగుతాడు ఆయన. ఈ జోడులో ఆయన బొటనవేలు కూడా పట్టదు. ఇందాక చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మాత్రం తట్టలేదు. వేడి ఒక్కటే చూసింది, పేరొక్కటే నోటికొచ్చింది.

"జోహ్రా, ఇది సిరీల్‌ది కాదు," అంది.

"కాదని తేలిపోయింది కదే. ఆయన రొట్టె తింటున్నాడు."

"మరి ఎవరిది?"

జోహ్రా మొహంలో నవ్వు ఆరిపోయింది. జోడు తీసుకుని మళ్లీ చెయ్యి పెట్టింది. చల్లబడిపోయింది. ఇప్పుడది అన్ని జోళ్లలాంటి జోడే. వెచ్చగా ఉన్నమాట నిజమే, కానీ బెల్టు మోటారు పక్కనే కదా పడి ఉంది, ఆ సెగేమోనే అని నసిగింది. వౌటర్ కూడా వచ్చి అదే అన్నాడు. ఒంటి జోడుకి ఇంత కథేంటి, రోజుకి బుట్టెడు వస్తాయి, ఇప్పటికే ఊరంతటి ముందూ నవ్వులపాలయ్యాం, మళ్లీ ఫైరింజన్ని పిలిస్తే మనకి పిచ్చెక్కిందంటారు అన్నాడు. అతని మాటల్లో తప్పేమీ లేదు. మోటారు వేడిగానే ఉంటుంది. పొద్దున తాను పెట్టె కొట్టింది, రెండుసార్లు పిలిచింది, లోపల్నుంచి ఎవరూ పలకలేదు. పలకలేదు అనుకుంటూ వేర్లె పొద్దున తానన్న మాటలు మళ్లీ మనసులో అనుకుంది. 

తాను పెట్టెని పిలవలేదు. సిరీల్‌ని పిలిచింది. ఇందాక గుంటలో ఇంతమంది కలిసి గొంతులు చించుకున్నదీ సిరీల్ కోసమే. ఆ బట్టల్లో ఇంకెవరైనా ఉంటే, వాళ్లని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.

వెనక లోడర్ ఇంజను భుగ్గుమంది. యోస్ట్ చేట ఎత్తుకుని గుంట వైపు తిప్పుతున్నాడు. ఆ ఇనప చేట అంచు కుప్పలోకి దిగిందంటే దేన్నయినా చీల్చుకుంటూ పోతుంది. వేర్లె పరిగెత్తి గుంట ముందు చేతులు చాపి నిలబడింది. యోస్ట్ బ్రేకు తొక్కాడు. చేట ఆమె రొమ్ముకి బారెడు దూరంలో ఆగింది.

"చావాలనుందా నీకు?" అని పైనుంచి కేకేశాడు.

"ఆపు. ఇంజను పూర్తిగా ఆపు."

"వేర్లె, పక్కకి రా," అన్నాడు వౌటర్. అతని గొంతులో ఈసారి షెడ్డు పెద్ద పలుకుతున్నాడు. "పొద్దుటినుంచీ నీవల్ల జరిగింది చాలు."

ఆ మాట సూటిగా తగిలింది. తగలాల్సిందే. ఆమె కదల్లేదు.

"నావల్లే జరిగింది. అందుకే అడుగుతున్నాను. షెడ్డులో అన్నీ ఆపించు, బయట లారీలు కూడా. ఒక్క నిమిషం నోళ్లు మూసుకుని విందాం. ఏమీ వినపడకపోతే తాళంచెవులు నీ చేతిలో పెట్టి ఇంటికి పోతాను."

వౌటర్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, తనే వెళ్లి గోడ మీది పెద్ద స్విచ్చి దించాడు. వేడిగాలి యంత్రం మూలిగి ఆగిపోయింది. ఎవరో వాకిట్లోకి పరిగెత్తి లారీల వాళ్లని బతిమాలారు. హారన్లు ఆగాయి, ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆ షెడ్డులో పనివేళ అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగరు. కాలువ మీద బాతుల అరుపు కూడా లోపలికి వినిపించింది.

వేర్లె కుప్ప మీద బోర్లా పడుకుంది. నోరు తెరవగానే "సి..." అని రాబోయింది. పళ్లు కరిచి ఆపుకుంది.

"లోపల ఎవరున్నారమ్మా? ఎవరైనా సరే. మీరెవరైనా సరే, మీకోసమే వచ్చాం. పలకండి."

ఏమీ లేదు. వెనక ఎవరో కాళ్లు మార్చుకున్నారు. ఆమె ఇంకో నాలుగడుగులు పాకి, బట్టల మధ్య చేత్తో సందు చేసి, మొహం లోపలికి పెట్టి అదే మాట మళ్లీ అంది. ఊపిరి బిగబట్టి వింది. తన చెవుల్లో తన రక్తం చప్పుడే వినిపిస్తోంది. వౌటర్ నిట్టూర్చి స్విచ్చి వైపు తిరిగాడు.

అప్పుడు గోడ పక్కన నిలబడ్డ జోహ్రా చెయ్యి పైకెత్తింది. రెండో చేత్తో గుంట మూల వైపు చూపించింది. అక్కడ, కింద ఎక్కడో, పిల్లికూన చప్పరించినంత చిన్న చప్పుడు. ఒకసారి వినిపించి ఆగింది. మళ్లీ వచ్చింది.

ఎవరూ అరవలేదు. వౌటర్ ఫోన్ తీసి, రావద్దని చెప్పిన నోటితోనే, వెంటనే రండి, లోపల మనిషి ఉన్నారు అని చెప్పాడు. మిగతావాళ్లు వరసగా నిలబడి ఒక్కొక్క సంచి చేతులు మార్చుకుంటూ గోడ అవతలికి దాటించారు. కుప్ప జారకుండా యోస్ట్ తన వీపు ఆనించి నిలబడ్డాడు. వేర్లె, జోహ్రా తలలు ఆనుకునేంత దగ్గరగా వంగి చేతులతో తవ్వారు. లాగలేదు, ఒలిచారు. దుప్పటి మడతలో ముందు వేళ్లు కనిపించాయి. తెల్లగా ఉన్నాయి. జోహ్రా ఆ వేళ్లు పట్టుకుంది. అవి ఆమె వేళ్లని నొక్కాయి.

"పట్టుకుంది, నా చెయ్యి పట్టుకుంది," అంటూ జోహ్రా ఏడ్చేసింది.

బయటికి తీస్తే ఇరవై దాటీ దాటని పిల్ల. పెదవులు నీలం తిరిగాయి, జుట్టు నిండా పీచు, ఒక కాలికి జోడు లేదు, మోచెయ్యి పక్కకి వంగిపోయి ఉంది. గాలి తగలగానే దగ్గింది, దగ్గి దగ్గి ఊపిరి తీసుకుంది. వేర్లె ఆమె తలని ఒళ్లో పెట్టుకుంది. అంతమందీ తమ ఒంటి మీది కోట్లు విప్పి ఆమె మీద కప్పారు. బట్టల షెడ్డులో నిలబడి ఒంటి మీది బట్టలు విప్పి ఇవ్వడం వింతగా ఎవరికీ తోచలేదు.

పేరు అడిగితే ఫెన్నె అంది. ఇల్లెక్కడంటే నది అవతల ఓవర్‌లైయె పేట అంది. జోహ్రా ఉండేది కూడా ఆ పేటలోనే, రెండు వీధుల అవతల. అమ్మ కొత్త మొగుడు గెంటేశాడట. వారం నుంచీ ఆ పిల్ల కోసం ఎవరూ ఎక్కడా వెతకలేదు, ఎవరూ ఏ ఫోనూ చెయ్యలేదు. ఆమె తప్పిపోయిందని తెలిసినవాళ్లే లేరు.

దూరంగా ఫైరింజను కూత వినిపిస్తోంది. వేర్లె ఆగలేకపోయింది. వినపడలేదని ఆ పిల్ల నోటితో అంటే వినాలని ఉంది ఆమెకి. ఇనుము దళసరిదనో, బట్టలు చప్పుడు మింగేశాయనో అంటే చాలు, ఈ రాత్రికి నిద్రపోవచ్చు.

"నేనేనమ్మా పెట్టె ఎత్తింది. ఎత్తేముందు కొట్టాను, పిలిచాను. నీకు వినపడలేదు కదూ?"

ఫెన్నె కళ్లు తెరిచి ఆమెని చూసింది. గొంతు బొంగురుపోయి మాట గాలిలా వస్తోంది.

"వినపడిందండీ. అది ఆయన పెట్టె అని స్టేషన్ దగ్గర వాళ్లు ముందే చెప్పారు. మీరు ఆయన కోసం వచ్చారు. పలికితే, ఆయన చోట్లో పడుకున్నానని తిడతారేమోనని కదలకుండా ఉన్నాను. వెళ్లిపోతారులే అనుకున్నా. పైకి లేచాక అరిచాను, చాలా అరిచాను." కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత బాగున్న చేత్తో వేర్లె చొక్కా పట్టుకుంది. "ఆయనకి మాత్రం చెప్పకండి. మళ్లీ రాను."

వేర్లె ఆ పిల్ల ఉత్తి పాదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఫైరింజను వాళ్లు వచ్చి పక్కకి జరగమనేదాకా రుద్దుతూనే కూర్చుంది.